రెండు కోరీలు, రంగు రాళ్లు, అరిగిపోయిన మీసాలు

ప్రశ్న: మా ఇంట్లో రెండడుగుల అక్వేరియం ఉంది. అందులో గప్పీలు పెంచుతున్నాను. అడుగున పడిన మేత, చెత్త తినేస్తాయని చెబితే కొన్ని నెలల కిందట రెండు 'క్లీనర్ క్యాట్‌ఫిష్'లు తెచ్చాను. ఒకటి గోధుమ, పచ్చ కలిసిన రంగు. రెండోదానికి ఒళ్లంతా నల్ల మచ్చలు. రెండూ పగలంతా ఫిల్టర్ వెనకే నక్కి ఉంటాయి. మచ్చలదానికి మీసాలు దాదాపు అరిగిపోయాయి. గోధుమ రంగుది ఉన్నట్టుండి పైకి దూసుకెళ్లి గాలి మింగి కిందికొస్తుంది. అడుగున రంగు రాళ్లు పరిచాను. ఇవి గుంపుగా బతికే చేపలని ఈమధ్యే తెలిసింది. ఇంకో నాలుగు తెచ్చి వేస్తే సరిపోతుందా? చిన్న 'షార్క్'లు కూడా క్యాట్‌ఫిష్‌లే, అవీ గుంపుగానే ఉంటాయి, వాటిని వేసుకోమని షాపులో అంటున్నారు. వేయొచ్చా? భయం పోవడానికి రాత్రి లైటు వేసి ఉంచమంటారా?

జవాబు: ఇంకొన్ని తేవాల్సిందే. కానీ ఇప్పుడే తేవద్దు. మీరు తోడు గురించి అడిగారు గానీ, ఉత్తరం చదివితే నాకు ముందు కనిపించింది మీసాల సంగతి. మీసాలు అరిగిన చేప ఉన్న ట్యాంకులోకి కొత్తవాటిని దింపితే, కొన్నాళ్లకు అన్నిటికీ అదే గతి పడుతుంది. కాబట్టి ముందు అడుగు మార్చాలి, తర్వాత నీళ్లు చూసుకోవాలి, ఆ తర్వాతే గుంపు.

మీ వర్ణన బట్టి రెండూ కోరీడోరాస్ చేపలే, పొట్టిగా కోరీలు అంటారు. గోధుమ పచ్చది బ్రాంజ్ కోరీ, మచ్చలది పెప్పర్డ్ కోరీ అయి ఉండాలి. దక్షిణ అమెరికా నదులు, వాగుల అడుగున బతికే చిన్న క్యాట్‌ఫిష్‌లు ఇవి. బాగా పెరిగితే ఆరేడు సెంటీమీటర్లు. ఒంటికి పొలుసులుండవు. పక్కలకు రెండు వరుసల్లో ఎముక పలకలు కవచంలా ఉంటాయి. చాలా ఏళ్లపాటు రెండింటినీ కోరీడోరాస్ అనే ఒకే ప్రజాతిలో (దగ్గరి జాతులన్నీ కలిసిన వర్గంలో) లెక్కేశారు. 2024లో శాస్త్రవేత్తలు ఆ పెద్ద ప్రజాతిని విడగొట్టినప్పుడు బ్రాంజ్ ఆస్టియోగాస్టర్‌లోకి, పెప్పర్డ్ హోప్లిసోమాలోకి వెళ్లాయి. షాపుల్లో మాత్రం ఇకముందూ అన్నిటినీ కోరీ అనే పిలుస్తారు, మనమూ అలాగే పిలుద్దాం. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మీ ట్యాంకులో ఉన్నవి ఒక జంట కాదు. రెండు ఒంటరి చేపలు. వేరే గతిలేక పక్కపక్కన కూర్చుంటాయి, అంతే. కోరీలు గుంపు కట్టేది ప్రధానంగా తమ జాతితోనే.

'క్లీనర్' అన్న పేరుతో ఈ చేపలకు జరిగినంత అన్యాయం ఇంకే పేరుతోనూ జరగలేదని నా అభిప్రాయం. కోరీ మిగతా చేపల రెట్ట తినదు. గాజు మీద పాచి తినదు. అడుగున కుళ్లిన మేత తిని ట్యాంకు శుభ్రం చేయదు. అది పురుగులు, చిన్న లార్వాలు, రొయ్య జాతి జీవులు ఏరుకు తినే చేప. అదీ మేత తినాలి, అదీ రెట్ట వేస్తుంది. పైన వేసిన రేకుల మేతను గప్పీలు కిందికి చేరనిస్తాయా? అడుగుకు చేరిన నాలుగు ముక్కలూ రాళ్ల సందుల్లోకి జారిపోతాయి. మీవి ఇన్నాళ్లూ అర్ధాకలితో ఉన్నాయేమో ఒకసారి చూడండి. అవి గాజుకు ఎదురుగా తిరిగినప్పుడు ముందు నుంచి పొట్ట గమనించండి. కాస్త గుండ్రంగా ఉంటే పరవాలేదు. లోపలికి లాక్కుపోయి ఉంటే చాలినంత తినడం లేదని అర్థం.

ఇక మీసాల విషయం. కోరీ మేత వెతికే తీరు దగ్గర నుంచి చూస్తే సంగతి బోధపడుతుంది. ముక్కును ఇసుకలో దించుతుంది, ఒక్కోసారి కళ్ల దాకా. మీసాలతో రుచి చూస్తూ నోటినిండా ఇసుక తీసుకుంటుంది, తినేది ఏదైనా దొరికితే మింగి, మిగతా ఇసుకను మొప్పల్లోంచి రెండు పక్కలా సన్నటి ధారగా వదిలేస్తుంది. రోజంతా దానికి అదే పని. రంగు రాళ్ల మీద ఇది సాధ్యం కాదు. రాయి నోట్లో పట్టదు. సందులో ఉన్న ముక్క వాసన తెలుస్తుంది కానీ అందదు. అందుకోవాలని మీసాల్ని ఆ సందుల్లోకే మళ్లీ మళ్లీ దూరుస్తుంది.

మీసాలు అరగడానికి కారణం పదునైన రాళ్లని కొందరు, మురికి అని కొందరు వాదిస్తారు. రెండూ కలిసే పనిచేస్తాయి, కానీ పెద్ద దోషి మురికే అంటాను. నున్నటి రాళ్లున్న ట్యాంకుల్లోనూ మీసాలు పోతాయి, ఎందుకంటే రాళ్ల కింద మేత కుళ్లి బ్యాక్టీరియా పెరుగుతుంది, మీసాల మీద చిన్న గీత పడితే చాలు, అక్కడి నుంచి తినుకుంటూ పోతుంది. మీ ట్యాంకులో పరిస్థితి తెలుసుకోవాలంటే అడుగు మడ్డిని నీళ్లతో పాటు బయటికి లాగే సైఫన్ గొట్టాన్ని రాళ్లలోకి దించి చూడండి. గోధుమ రంగు మడ్డి మబ్బులా లేస్తే కారణం దొరికినట్టే. ఒక ఊరట ఏమిటంటే, మీసాలు మొదలంటా పోకపోతే శుభ్రమైన అడుగు, శుభ్రమైన నీళ్లు ఇస్తే మెల్లగా మళ్లీ పెరుగుతాయి. మొదలుతో సహా పోతే పెరగవు. అయినా మేత ముందుకు తెచ్చి వేస్తే చేప బతుకుతుంది. దీనికి ఏదో ఒక మందు తెచ్చి పోయకండి. అడుగున మురికి అలాగే ఉంచి పైన మందు పోస్తే నీళ్లూ పాడవుతాయి, ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోవచ్చు.

రాళ్లు తీసి ఇసుక వేయండి. రేణువు మిల్లీమీటరు లోపే ఉండాలి, అంచులు నునుపుగా ఉండాలి. గుప్పెడు తీసుకుని అరచేతిలో గట్టిగా నలపండి. గుచ్చుకున్నట్టు అనిపిస్తే వద్దు. కొద్దిగా ఇసుక మీద వెనిగర్ చుక్కలు వేసి చూడండి. బుడగలు వస్తే అందులో గవ్వల పొడో సున్నపురాయో ఉన్నట్టు, అది నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది, కోరీలకు అది అక్కర్లేదు. రెండు మూడు సెంటీమీటర్ల మందం చాలు. ఎక్కువ మందంగా పోస్తే కింది పొరల్లో గాలి ఆడదు. బకెట్‌లో వేసి, పైన నీళ్లు తేటగా కనిపించే వరకు కడగండి. సబ్బు మాత్రం తగలనివ్వద్దు. ఎంత కడిగినా మొదటి రోజు కాస్త మసక ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఒక్కరోజులో రాళ్లన్నీ ఎత్తేయకండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. చేపల రెట్ట, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. కొన్ని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలే. మూడోది కొద్ది మోతాదులో హాని చేయదు. ఈ పని చేసే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలోనే కాదు, రాళ్లకూ అంటుకుని ఉంటుంది. అన్నీ ఒక్కసారి తీసేస్తే అమ్మోనియా పెరిగిపోవచ్చు. వారానికి మూడో వంతు చొప్పున తీయండి. తీసే ముందు ఆ భాగాన్ని సైఫన్‌తో శుభ్రం చేయండి, లేకపోతే మడ్డంతా నీళ్లలో కలుస్తుంది. తీసిన రాళ్లలో కొన్నింటిని ట్యాంకు నీళ్లలోనే జాడించి, వల సంచిలో కట్టి కొన్ని వారాలు ట్యాంకులోనే ఉంచండి. ఆలోగా అదే బ్యాక్టీరియా ఇసుక మీదా స్పాంజి మీదా స్థిరపడుతుంది. ఆ వారాల్లో మాత్రం ఫిల్టర్ జోలికి పోవద్దు. తర్వాత ఎప్పుడు కడిగినా స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి, కుళాయి కింద పెట్టి కాదు. క్లోరిన్ తగిలితే ఆ బ్యాక్టీరియా చస్తుంది.

నీటిని పరీక్షించే టెస్ట్ కిట్ లేకపోతే మొట్టమొదట కొనాల్సింది అదే, కొత్త చేపలు కాదు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా రావాలి. ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే కొంత నీళ్లు మార్చండి, మేత తగ్గించండి. నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకు 20 మిల్లీగ్రాములు) లోపు ఉంటే బాగున్నట్టు, 40 దాటితే నీళ్లు తరచుగా మార్చాలి. మామూలుగా వారానికి పాతిక నుంచి ముప్పై శాతం మార్చితే చాలు. కొత్త నీటికి క్లోరిన్ తీసే మందు కలపాలి, వేడి కూడా పాత నీటికి దగ్గరగా ఉండాలి.

గాలి కోసం పైకి దూసుకెళ్లడం గురించి అడిగారు. అది జబ్బు కాదు. కోరీలు పైకొచ్చి గాలి మింగుతాయి, ఆ గాలిలోని ఆక్సిజన్‌ను పేగు చివరి భాగం పీల్చుకుంటుంది, మిగిలింది వెనక నుంచి బుడగలుగా పోతుంది. నీటిలో ఆక్సిజన్ తగ్గిపోయే మడుగుల్లో బతకడానికి వాటికి ఉన్న సదుపాయం ఇది. అందుకే నీటి మట్టానికి, మూతకు మధ్య మూడు నాలుగు సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. మూత మాత్రం తీయొద్దు, ఆ ఊపులో బయటికి ఎగిరిపడ్డ కోరీలున్నాయి. అప్పుడప్పుడు వెళ్లడం మామూలే. అదేపనిగా, నిమిషానికోసారి వెళుతుంటే, లేదా అడుగున కదలకుండా కూర్చుని మొప్పలు వేగంగా ఆడిస్తుంటే అప్పుడు ఆలోచించాలి. నీటిలో ఆక్సిజన్ తక్కువైనా, అమ్మోనియా మొప్పల్ని మండిస్తున్నా, నైట్రైట్ ఉన్నా అలాగే చేస్తాయి. నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 8.2 మిల్లీగ్రాములు కరుగుతుంది, 30 డిగ్రీలకు అది 7.5కి పడిపోతుంది. ఎండలు ముదిరితే ఎయిర్ పంపు పెట్టండి.

మేత కిందికి మునిగేది ఇవ్వండి. మునిగే పెల్లెట్లు, బిళ్లలు దొరుకుతాయి. గడ్డకట్టించి అమ్మే బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్ర పురుగులు వారంలో ఒకట్రెండు సార్లు ఇస్తే ఎగబడి తింటాయి. మురుగులో పట్టిన సజీవ ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం నేనైతే వేయను, వాటితో జబ్బులొచ్చే ప్రమాదం ఉంది. లైటు ఆర్పాక వేయండి. చీకట్లో గప్పీలు నెమ్మదిస్తాయి, కోరీలకు మీసాలే చాలు, వెలుతురుతో పనిలేదు. పొద్దున్న చూస్తే మిగలకూడదు. మిగిలితే తీసేసి మర్నాడు తగ్గించండి. మీసాలు పోయిన దానికి బిళ్ల ముక్కను పొడవాటి పటకారుతో దాని ముందే దించితే వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఇక గుంపు. మీవి ఫిల్టర్ వెనక దాక్కోవడానికి ముఖ్య కారణం ఒంటరితనమే అనుకుంటున్నాను. చుట్టూ తమవాళ్లు లేని కోరీ ప్రమాదాన్ని తనొక్కటే కనిపెట్టుకోవాలి, అందుకని పగలు బయటికి రాదు. ఆరు ఉంటే అవే చేపలు పట్టపగలు ట్యాంకు మధ్యలో తిరుగుతాయి. బ్రాంజ్ కోరీల మీద 2019లో వచ్చిన ఒక పరిశోధన నాకు చాలా నచ్చింది. అవి ఒకదాన్నొకటి ఒంటితో నెట్టుకుంటూ, తాకుకుంటూ కదలికను కలుపుకుంటాయి. కొత్తవాటితో కలిసినప్పుడు ఈ నెట్టడం మరింత పనికొస్తుంది. మీరూ చూడొచ్చు. ఒకటి బయల్దేరబోతూ పక్కదాని మీదుగా జరుగుతుంది, అది లేచి వెంట పడుతుంది. రెండే ఉంటే, అవీ వేర్వేరు జాతులైతే, ఈ ఆట చూసే భాగ్యం ఉండదు. ఇంకో తమాషా ఉంది. కోరీ కన్ను గుంటలోనే కిందికి తిరుగుతుంది. మనకది కన్నుకొట్టినట్టు కనిపిస్తుంది. పిల్లలకు ఇది చూపిస్తే ట్యాంకు దగ్గర నుంచి కదలరు.

మీ ట్యాంకు ఎత్తు, వెడల్పు ఒక్కొక్కటి ఒక అడుగు అనుకుంటే మొత్తం 54 లీటర్లు. ఇసుక, ఖాళీ తీసేస్తే దాదాపు 45. గప్పీలతో పాటు ఒక జాతి కోరీలు ఆరు దాకా సర్దుకుంటాయి. రెండు జాతులు ఆరేసి చొప్పున పట్టవు. కాబట్టి ఒకదాన్ని ఎంచుకోవాలి. అది మీ నీటి వేడే తేలుస్తుంది. పెప్పర్డ్ చల్లటి నీటి చేప. 18 నుంచి 23 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. బ్రాంజ్‌కు 22 నుంచి 26 వరకు బాగుంటుంది. గప్పీలు కూడా ఆ వేడినే ఇష్టపడతాయి. కనుక బ్రాంజ్ గుంపు పెంచండి. పెప్పర్డ్ మీసాలు కాస్త కోలుకున్నాక, పెప్పర్డ్‌ల గుంపు ఉన్న వాళ్లెవరైనా దొరికితే ఇచ్చేయండి. మనసొప్పకపోవచ్చు, కానీ దానికి అదే మేలు. ఎవరూ దొరక్కపోతే ఉంచుకోండి, ఒంటరిగా ఉండటం కంటే బ్రాంజ్‌ల మధ్య ఉండటం నయం. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లున్న ఆల్బినో కోరీలు ఎక్కువగా బ్రాంజ్ జాతివే, షాపులో అడిగి నిర్ధారించుకుంటే వాటినీ గుంపు లెక్కలో వేసుకోవచ్చు. గప్పీలు పిల్లలు పెడుతూనే ఉంటాయి కాబట్టి వాటి సంఖ్య మీద మాత్రం ఒక కన్నేయండి. లేకపోతే కోరీలకు లెక్కేసిన చోటు వాటితో నిండిపోతుంది.

నీటి పరీక్షలు వరుసగా కొన్ని వారాలు సున్నాలు చూపించాక ఐదు బ్రాంజ్‌లు ఒకేసారి తెచ్చుకోండి. ఒక్కొక్కటిగా తేవద్దు. షాపులో ముందు మీసాలు, పొట్ట చూడండి. పొట్ట కింద ఎర్రటి మచ్చలున్నవి, రెక్కలు ముడుచుకుని మూలన పడి ఉన్నవి వద్దు. అదే ట్యాంకులో చచ్చిన చేప కనిపిస్తే మిగతావి ఎంత బాగున్నా ఆ రోజుకు తిరిగి వచ్చేయండి. వలతో పట్టడం కన్నా చిన్న డబ్బాలోకి మళ్లించి పట్టమని అడగండి. కోరీలకు వీపు రెక్క ముందు, పక్క రెక్కల ముందు గట్టి ముళ్లుంటాయి, బెదిరితే వాటిని నిలబెట్టి బిగిస్తాయి, వలలో చిక్కుకుంటే విడదీయడం గగనం. చేతికి గుచ్చుకుంటే కందిరీగ కుట్టినట్టు మండుతుంది. పెద్ద చేపలతో కోరీలను పెట్టకూడదనడానికీ ఇదే కారణం. మింగబోయిన చేప గొంతులో ముళ్లు ఇరుక్కుని రెండూ చావొచ్చు. ఇంటికి తెచ్చాక వేరే తొట్టిలో రెండు మూడు వారాలు ఉంచి, ఏ జబ్బూ బయటపడకపోతేనే ట్యాంకులో కలపండి. సంచిలో వచ్చిన నీళ్లు ట్యాంకులో పోయవద్దు.

కొత్త గుంపు కుదురుకున్నాక, ఒకసారి నీళ్లు మార్చినప్పుడు కొత్త నీరు కాస్త చల్లగా ఉంటే అవి గుడ్లు పెట్టినా ఆశ్చర్యపోకండి. ఆడది మగదాని పొట్టకు నోరు ఆనించి ఇంగ్లిష్ టీ అక్షరంలా నిలుస్తుంది, కింది రెక్కల జతను దోసిలిలా ముడిచి అందులో గుడ్లు పట్టుకుని వెళ్లి గాజుకు అంటిస్తుంది. తీసి వేరే తొట్టిలో పెట్టకపోతే పెట్టినవాళ్లే తినేస్తారు.

షాపువాళ్లు చెప్పిన 'షార్క్'ల గురించి. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, అవి క్యాట్‌ఫిష్‌లే, గుంపుగానే తిరుగుతాయి. వాళ్లు చెప్పనిది వాటి సైజు. పంగాసియస్ అని పిలిచే ఈ చేప మెకాంగ్, చావో ఫ్రాయా నదులది. వేలెడంత పిల్లగా అమ్ముతారు, పెరిగితే మీటరు దాటుతుంది. మీ ట్యాంకు పొడవు 60 సెంటీమీటర్లు. పైగా అది పిరికి చేప. బెదిరితే గుడ్డిగా ఈదుతూ గాజుకు ముట్టె కొట్టుకుని గాయాలు చేసుకుంటుంది. ఇళ్లలో పెట్టుకునే ఏ మామూలు ట్యాంకూ దానికి చాలదు. గప్పీలు దాని నోట్లో పట్టేంత సైజుకు అది పెరిగాక వాటినీ మింగేస్తుంది. వద్దని గట్టిగా చెబుతున్నాను. నీటి మధ్యలో గుంపుగా తిరిగే క్యాట్‌ఫిష్ కావాలనిపిస్తే, ఎప్పుడైనా ఇంకా పెద్ద ట్యాంకు పెట్టినప్పుడు గ్లాస్ క్యాట్‌ఫిష్‌లు చూడండి. ఒళ్లు పారదర్శకం, వెన్నెముక బయటికి కనిపిస్తుంది. వాటికీ ఆరుకు తగ్గకుండా తోడు కావాలి, ఒంటరిగా పెడితే తిండి మానేసి చిక్కిపోతాయి.

రాత్రి లైటు వద్దు. గుంపు కుదిరేదాకా మీ కోరీలు వెలుతురు లేనప్పుడే ధైర్యంగా తిరుగుతాయి. పగలు ఎనిమిది గంటలు చాలు, అదీ నేరుగా అడుగున పడకుండా పైన తేలే మొక్కలు కొన్ని వేయండి. ఒక చెక్క దుంగ, దాని కింద నీడ ఉంటే ఫిల్టర్ వెనక నుంచి ముందు అక్కడికి మకాం మారుస్తాయి.